పటములో పరదేశయాత్ర

పూర్వము దూరనగరములను చూడగోరినవారు ప్రయాణము కట్టవలసియుండెను. పోలేనివారు పోయివచ్చినవారి మాట వినవలసియుండెను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నమునుండి కాశికి పోయి, తిరుగుప్రయాణములో మన శ్రీకాకుళము మీదుగా 1831లో ఇల్లు చేరెను. దారిపొడవున ఆయన వ్రాసి మిత్రునకు పంపిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినవి. ఇల్లు కదలక కాశిని చూడగోరిన తెలుగువారికి అదియొక చక్కని సాధనము.

నేడు పొందూరు అరుగుమీద కూర్చున్నవారికి ఆ పని చేతిలోని ఫోను చేయుచున్నది. గూగుల్ సంస్థ 2005లో పటములను, 2007 మే నెలలో వీధిదృశ్యములను వెలువరించినది. కారు కప్పుపై కెమెరాలు నిలిపి, వీధి పొడవునా తీసిన ఛాయాచిత్రములను ఒకదానికొకటి అతుకుదురు. చూచువారికి తామే నడచుచున్నట్లు తోచును. శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్కు మొదలైన ఐదు అమెరికా నగరములతో ఆరంభమైనది. అక్కడ కొడుకు ఉన్న తల్లి అతని వీధి మలుపును, ఎదుటి అంగడిని చూడగలిగినది.

విచిత్రమేమనగా, ఆ తల్లి హైదరాబాదు వీధిని అట్లు చూచుటకు మరి పదునైదేండ్లు పట్టినది! 2011లో బెంగుళూరులో మొదలిడిన చిత్రీకరణను పోలీసులు ఆపించిరి. 2016లో కేంద్రప్రభుత్వము భద్రతాకారణములచే అనుమతి నిరాకరించినది. మన దేశములో భూమి కొలత చిరకాలముగా ప్రభువుల సొత్తు. 1802లో చెన్నపట్నము చెంత ల్యాంబ్టన్ దొర ఆధారరేఖ కొలిచినను, 1862లో విశాఖపట్టణమువద్ద మరియొకటి కొలిచినను, ఆ పటములు ముందుగా పాలకులకొరకే. స్వాతంత్ర్యము వచ్చినను ఆ కాపుదల సడలలేదు.

జాగ్రత్త వలదని మేమనము. కాని ఉపగ్రహచిత్రములలో పొందూరు ఇండ్లకప్పులు అప్పటికే లోకమంతటికిని కనబడుచుండెను. ఆ కప్పులక్రింద వాలుగచేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్ననూలు వడకు స్త్రీలు మాత్రము ఏ పటములోను లేరు. దాచదగినది వీధియా?

2021 ఫిబ్రవరిలో నిబంధనలు మారి, సూక్ష్మమైన కొలతపని దేశీయసంస్థలకు దక్కినది. 2022 జూలైలో వారి చిత్రములతోనే పది నగరముల వీధులు తెరపైకి వచ్చినవి. ఆ పదింటిలో తెలుగునగరము హైదరాబాదొక్కటే.

చూచువారికి ఒక మాట. చిత్రము తీసిన నెల, సంవత్సరము తెరమీదనే వ్రాసియుండును. దానిని ముందు చదువుకొనవలెను. ఆ తల్లి చూచుచున్న ఇంటినుండి కొడుకు ఎన్నడో మరియొక ఇంటికి మారియుండవచ్చును.