పాత బండి కొంటున్నారా? ఇంజిన్ కన్నా ముందు ఆర్సీలో పేరు చూడండి

యమహా ఆర్‌ఎక్స్ 100 చప్పుడు వినపడితే తల తిప్పి చూసేవాళ్లు ఇప్పటికీ ప్రతి బస్తీలో ఉన్నారు. 1985లో మన మార్కెట్లోకి వచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన 98 సీసీ బండి ఇది. అయినా మంచి కండిషన్‌లో ఉన్నది దొరికితే కొత్త బండి ధర పెట్టడానికైనా వెనకాడరు. పాత బుల్లెట్, మైసూరులో తయారైన యెజ్డీ కథ కూడా ఇంతే. షోకు సంగతి పక్కన పెడితే, ఇంటి అవసరానికి ఓ స్ప్లెండరో, పదేళ్ల కారో సెకండ్ హ్యాండ్‌లో కొనే కుటుంబాలు ఇంకా ఎక్కువ.

అందరూ చేసే పని ఒక్కటే. ముందు కిక్కు కొడతారు, ఓ రౌండు వేసి వస్తారు, బేరం ఆడతారు. "కాగితాలు తర్వాత చూసుకుందాం భాయ్, ఎక్కడికి పోతాయి?" అనే మాటతో డబ్బు చేతులు మారుతుంది. ఇంజిన్ చెడితే బాగుచేయించుకోవచ్చు. కాగితం చెడితే మాత్రం కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఇద్దరూ ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

ఆర్సీలో పేరున్నవారే యజమాని

మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్లే యజమాని. డబ్బు ఎవరిచ్చారు, తాళం ఎవరి దగ్గరుంది అనేది తర్వాతి సంగతి. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ కారు ఒకరి నుంచి ఒకరికి చాలా చేతులు మారింది, ఆర్సీలో పేరు మాత్రం మారలేదు. యాక్సిడెంట్ జరిగాక పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న మొదటి వ్యక్తి మీదే పడింది.

అమ్మేవాళ్లకు ఇందులో పెద్ద పాఠం ఉంది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చేసి, "పేరు మీరే మార్చుకోండి" అని వదిలేస్తే ఆ బండి ఇంకా మీదే. దాని చలానాలు మీకే వస్తాయి, దానితో ఎవరైనా తప్పు పని చేస్తే పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. కొనేవాళ్లకూ నష్టమే. బండి పోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఆగిపోతుంది. మళ్లీ అమ్ముదామంటే అసలు యజమానిని వెతుక్కోవాలి, అప్పటికి ఆయన ఊళ్లో ఉంటారో లేదో తెలియదు.

బయానా ఇచ్చే ముందు

ఆర్సీ: ఒరిజినల్ చూడాలి. జిరాక్సు, ఫోన్లో ఫొటో చాలవు. అమ్మే మనిషి పేరు, ఆర్సీలో పేరు ఒకటేనా చూడండి. కాకపోతే మధ్యలో ఎవరున్నారో అడగండి. బండి నంబరును రవాణా శాఖ వెబ్‌సైట్‌లోనూ కొట్టి చూడాలి.

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు: ఆర్సీలో ఉన్నవి బండి మీద ఉన్నవి అంకె అంకె కలవాలి. నంబరు చుట్టూ రుద్దినట్టు, వెల్డింగ్ చేసినట్టు కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. ఆర్‌ఎక్స్ 100 లాంటి గిరాకీ బళ్లలో ఒక బండి ఇంజిన్ తెచ్చి ఇంకో బండిలో బిగించడం మామూలే. ఆర్సీలో ఎక్కించకుండా మార్చిన ఇంజిన్‌తో ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది.

ఫైనాన్స్: ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే లోన్ తీరినట్టు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెమ్మనండి. "లోన్ ఎప్పుడో కట్టేశాం" అనే మాట చెల్లదు.

చలానాలు: ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టండి. పెండింగ్ ఉంటే అమ్మేవాళ్లే కట్టాలి, లేదా ధరలో తగ్గించుకోవాలి.

దొంగ బండేమో అన్న అనుమానం ఉంటే: జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే 'వాహన్ సమన్వయ్' సేవలో నంబర్లు ఇచ్చి చూసుకోవచ్చు.

బండి దగ్గర నిలబడి చూడాల్సినవి

పొద్దున్నే వెళ్లండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే, స్టార్టింగ్ ట్రబుల్ దాచడానికి ముందే స్టార్ట్ చేసి పెట్టారేమో అని అనుమానించాలి. చల్లగా ఉన్న ఇంజిన్ రెండు మూడు కిక్కులకు అందుకోవాలి.

ఫోర్ స్ట్రోక్ బండి నీలం పొగ వదిలితే ఆయిల్ కాలుతోందని అర్థం, పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగిపోయాయి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలుతుంది కాబట్టి కొంత పొగ మామూలే. వేడెక్కాక కూడా దట్టంగా వస్తుంటేనే ఆలోచించాలి.

ఆర్‌ఎక్స్ కొనేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "బోరు ఎన్నిసార్లు కొట్టించారు? ఇప్పుడు ఏ సైజు పిస్టన్ ఉంది?" ఒక్కో బోరుకు పావు మిల్లీమీటరు చొప్పున పెద్ద పిస్టన్ వేస్తూ పోతారు. చివరి సైజుకు వచ్చేసిన బ్లాకు అయితే తర్వాతి ఖర్చు పెద్దదే.

బండిని స్టాండు మీద నిలిపి వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో కనపడాలి. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో పట్టినట్టు అనిపిస్తే కోన్ సెట్ పోయింది. ఫోర్కుల మీద ఆయిల్ తడి ఉంటే సీళ్లు మార్చాలి. చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగితే చైన్ సెట్ మొత్తం పోయినట్టే. ట్యాంకులోకి టార్చి వేసి తుప్పు చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్ తయారైన వారం, సంవత్సరం చెబుతుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు బాగానే కనపడినా ముసలి టైరు పట్టు ఇవ్వదు.

కారైతే వరద నీరు చూడండి

2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. ఇలాంటి వరదల్లో నీళ్లలో నిలబడిన కార్లు కడిగి, పాలిష్ చేసి మార్కెట్లోకి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే లోపల బురద మరక దొరుకుతుంది. కింద పరిచిన కార్పెట్ ఎత్తి, స్టెప్నీ గుంటలో వేలు పెట్టి చూడండి. సెంటు వాసన మరీ ఎక్కువగా కొడుతుంటే, దేన్ని దాచడానికో అడగండి.

ఆయిల్ మూత లోపల పాల మీగడ లాంటి తెల్లటి జిగురు ఉంటే ఇంజిన్ ఆయిల్‌లో నీరు కలిసిందేమో మెకానిక్‌తో తేల్చుకోవాలి. బానెట్, డోర్ల బోల్టుల మీద స్పానర్ గాట్లు ఉంటే అవి ఊడదీసి బిగించినవే. మీటరు మీద నలభై వేలు ఉండి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరును నమ్మకండి, సర్వీసు రికార్డు అడగండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా తప్పే.

ఢిల్లీలో పాత బళ్ల మీద ఉన్న ఆంక్షల వల్ల అక్కడి కార్లు మన ఊళ్లకు చవగ్గా వస్తుంటాయి. చౌక అనుకునే ముందు లెక్క వేయండి. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు కావాలి. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకోవడం కుదరదు.

పేరు మార్పు: మూడు గడువులు

అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఫారం 29, ఫారం 30, ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్ కావాలి. ఇద్దరికీ వీలైన రోజు చూసుకుని స్లాట్ బుక్ చేసి పని ముగించడం మేలు. అది అయ్యేదాకా కొంత డబ్బు ఆపుకుంటామని ముందే మాట్లాడుకోండి.

మూడోది చాలామంది మరిచిపోయేది. ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదికి మారాలి, దానికి 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. థర్డ్ పార్టీ కవర్ బండితో పాటే వస్తుంది. మీ బండికి జరిగే నష్టానికి ఇచ్చే కవర్ అలా దానంతట అదే రాదు. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిదే, మీకు రాదు. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. యాక్సిడెంట్ చేస్తే పరిహారం మొత్తం జేబులోంచే కట్టాలి.

అబ్బా పేరు మీది బండి, గల్ఫ్‌లో ఉన్నవారి బండి

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిక్కులు ఈ రెండే. అబ్బా ఇంతకాలయ్యాక ఆయన బండిని కొడుకు నడుపుతూనే ఉంటాడు, పేరు మార్చాలన్న ఆలోచన రాదు. నిబంధన ప్రకారం 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 మీద వారసుల పేరుకు మార్చుకోవాలి. ఆలస్యమైతే వారసుల పత్రాలు, మిగతావారి సమ్మతి కూడగట్టడం ఏటికేడు కష్టమవుతుంది. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు రాయించుకునే వీలుంది. ఆ పని ఇప్పుడే చేయించండి.

వీసా వచ్చిన తొందరలో బండిని దోస్తుకో బావమరిదికో అమ్మేసి విమానం ఎక్కేవాళ్లు, పేరు మార్పు ముగిశాకే వెళ్లాలి. రెండేళ్ల తర్వాత సెలవులో వచ్చేసరికి ఆ బండి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోవచ్చు. దాని కేసు మాత్రం మీ పేరు మీదే ఉంటుంది.

షోకు బండి సాకడం

కొన్న ధర సగమే అనుకోండి. మొదటి నెలలోనే టైర్లు, బ్రేక్ షూలు, కేబుళ్లు, ప్లగ్, బ్యాటరీ, ఆయిల్‌కు డబ్బు పక్కన పెట్టాలి. హైదరాబాద్ పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్‌లో పాత బళ్ల సామాను దొరుకుతుంది, అందులో నకిలీదీ ఉంటుంది. మెకానిక్ మార్చిన పాత పార్టును చూపించమనండి.

ఆర్‌ఎక్స్‌లో టూటీ ఆయిల్‌కు వేరే ట్యాంకు, పంపు ఉంటాయి. చాలా బళ్లలో ఆ పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతుంటారు. మీ బండి ఏ పద్ధతిలో ఉందో కొన్న రోజే తెలుసుకోండి. ఆయిల్ అందకపోతే ఇంజిన్ సీజ్ అవుతుంది. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మైదానంలో అలవాటయ్యాకే రోడ్డెక్కండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాత బళ్ల రబ్బరు పైపులు, కార్బరేటర్ సీళ్లు దానికోసం చేసినవి కావు. పగుళ్లు, కారడం కనిపిస్తే వెంటనే మార్చండి. నెలల తరబడి నిలబెట్టేటట్టయితే కార్బరేటర్ ఖాళీ చేయండి. చైను ప్రతి 500 కిలోమీటర్లకు శుభ్రం చేసి ఆయిల్ పెట్టండి, గాలి వారానికోసారి చూడండి. ఏ పని ఏ తారీఖున ఎన్ని కిలోమీటర్లకు చేయించారో చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు అమ్మేటప్పుడు ఆ పుస్తకమే ధర తెస్తుంది.

పదిహేనేళ్లు దాటితే

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు, ఫీజు ఏళ్లు పెరిగేకొద్దీ ఎక్కువ. ఆర్‌ఎక్స్ కొంటుంటే రెన్యువల్ అయి ఉందా, ఎప్పటిదాకా ఉంది అని మొదటే చూడాలి. "పాతదైతే వింటేజ్ కిందికి వస్తుందిలే" అనే మాట నమ్మకండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటినవే వింటేజ్. వాటిని రోజూ తిప్పడానికి అనుమతి లేదు.

చప్పుడు సైలెన్సర్, అనుమతి లేని మార్పులకు ఒక్కోదానికి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చు.

చివరగా పిల్లల సంగతి

ఇలాంటి బండి ఇంటికి రాగానే ముందు తాళం అడిగేది పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలే. "గల్లీలోనేగా" అని ఇవ్వకండి. 18 ఏళ్లు నిండనివారు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటుంది. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఈ కేసు కూడా ముందు ఆర్సీలో పేరున్నవారినే వెతుక్కుంటూ వస్తుంది.

బండి నచ్చిందా, కొనండి. ఆర్సీ మీ పేరు మీదికి వచ్చాకే చివరి రూపాయి ఇవ్వండి.