ఎమ్డెన్ నౌకను పట్టించిన వైర్‌లెస్

1909లో జర్మన్ నౌకాదళమున చేరిన ఎమ్డెన్ ఒక తేలిక క్రూజర్. దానికి 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది కలవు. బొగ్గుతో నడచు ఆవిరి యంత్రములు దానిని గంటకు సుమారు 43 కిలోమీటర్ల వేగముతో నడుపగలవు.

1914 ఆగస్టులో ప్రపంచయుద్ధము ఆరంభము కాగా, కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ ఈ నౌకను ఒంటరిగా హిందూ మహాసముద్రమునకు నడిపెను. మూడు పొగగొట్టముల సరసన బొంకు గొట్టము నొకదానిని నిలిపి, బ్రిటిష్ నౌకవలె కనబడునట్లు చేసెను. తన వైర్‌లెస్‌ను మౌనముగా నుంచి, శత్రువుల వార్తలను వినుచుండెను. పట్టుకొనిన ఓడల బొగ్గే దానికి ఇంధనమయ్యెను. రెండు నెలలలో ఇరవైకి పైగా వర్తకనౌకలు చిక్కెను.

సెప్టెంబరు 22 రాత్రి, అప్పటి ఆంధ్ర జిల్లాలకును రాజధానియైన మద్రాసుపై గుండ్లు కురిపించి, చమురు తొట్లను తగులబెట్టెను. భయపడి వేలాదిమంది నగరము వీడిరి.

నవంబరు 9న కోకోస్ దీవులలోని తంతి, వైర్‌లెస్ కేంద్రమును ధ్వంసము చేయుటకు ముల్లర్ కొందరు నావికులను ఒడ్డునకు పంపెను. అయితే వింత నౌక వచ్చినదని కేంద్రమువారు అప్పటికే వార్త పంపిరి. సమీపముననే సాగుచున్న ఆస్ట్రేలియా క్రూజర్ సిడ్నీ ఆ వార్త విని కొద్ది గంటలలో చేరుకొనెను. దాని 15.2 సెంటీమీటర్ల ఫిరంగుల ముందు ఎమ్డెన్ నిలువలేక, దీవి అంచున మెట్ట పట్టెను. సుమారు 130 మంది నావికులు మరణించిరి.

మౌనము కాపాడిన నౌకను ఒడ్డునుండి వెలువడిన ఒక వార్త పట్టించినది.