వడగాడ్పులు: మనుషులు, పశువులు, నేల

మే నెలలో సూర్యుడు మన ప్రాంతాలకు నడినెత్తిన చేరుతాడు. అప్పటికి నేలలో తడి ఆరిపోయి ఉంటుంది. తడి ఉన్న నేలపై ఎండవేడిమిలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఎండిన నేలపై ఆ వేడిమి చాలావరకు గాలికే చేరుతుంది. దీనికి వాయవ్యం నుండి వీచే పొడిగాలులు తోడైనపుడు వడగాడ్పులు ఏర్పడతాయి. పడమటి గాలులు బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి లోనికి రాలేదు గనుక తీరప్రాంతం సైతం మండిపోతుంది.

మైదానాలలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కన్న 4.5 డిగ్రీలు అధికమైనపుడు గాని, 45 డిగ్రీలను అందుకొన్నపుడు గాని భారత వాతావరణ శాఖ దానిని వడగాడ్పుగా పరిగణిస్తుంది. 1998లో ఒడిశాలో రెండువేలమందికి పైగా, 2003లో ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా వడదెబ్బకు మరణించారు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి మృతుల సంఖ్య వేయి దాటింది.

మనుషులపై ప్రభావం

మానవ శరీరం సుమారు 37 డిగ్రీల వద్ద నిలకడగా ఉండాలి. ఎండలో ముఖ్యంగా చెమట ఆరడం వల్ల శరీరం చల్లబడుతుంది. రాయచూరు, బళ్ళారి, చంద్రపూర్, సిరొంచ వంటి పొడి ప్రాంతాలలో చెమట వెంటనే ఆరుతుంది. కాని ఒంటిలోని నీరు తెలియకుండానే తరిగిపోతుంది. యానాం, బరంపురం వంటి చోట్ల గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. కావున అక్కడ ఉష్ణోగ్రత తక్కువగా కనిపించినా ప్రమాదం తక్కువని భావించరాదు.

తలనొప్పి, వాంతి, కండరాల నొప్పులు తొలి సూచనలు. మాట తడబడడం, మతి తప్పడం, ఒళ్ళు కాలిపోవడం వడదెబ్బ లక్షణాలు. అట్టివారిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసరుతూ, 108కి కబురు చేయాలి. జ్వరపు మాత్రలు ఇందుకు పనిచేయవు. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. స్పృహ ఉన్నవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించవచ్చు.

పశుపక్ష్యాదులు

గేదె చర్మం నలుపు. స్వేదగ్రంథులు ఆవుకన్న తక్కువ. అందుకే అది మడుగును వెదకుతుంది. చెరువు ఎండిన ఊళ్ళలో మధ్యాహ్నం దానిపై నీళ్ళు చల్లడం తప్పనిసరి. మేత తగ్గడం, నోరు తెరచి రొప్పడం, చొంగ కార్చడం ప్రమాద సూచనలు. పాలు కూడ తగ్గుతాయి. కోళ్ళకు స్వేదగ్రంథులే లేవు; గాలి ఆడని షెడ్డులో అవి త్వరగా మరణిస్తాయి.

నేల, చెట్టు

రేగడి నేల తడి కోల్పోయి ముడుచుకొని బీటలు వారుతుంది. మొక్కలు నీరు పోకుండ పత్రరంధ్రాలను మూసుకొంటాయి. దానితో ఆహార తయారీ కుంటుపడి ఎదుగుదల తగ్గుతుంది. గోదావరి ఎగువ అడవులలో టేకు నీటిని కాపాడుకొనుటకే ఆకు రాల్చుతుంది. ఆ ఎండుటాకులకు ఒక్క బీడీ నిప్పు చాలు.

హెచ్చరికలు ఏ మాటతో వస్తాయి?

మన కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. హెచ్చరిక ఆయా రాష్ట్ర భాషలో వెలువడుతుంది. ఇంటిలోని పెద్దలకు అది అర్థం కాకపోవచ్చు. వడగాడ్పును ఒడియాలో ‘గ్రీష్మ ప్రవాహ’ అని, మరాఠీలో ‘ఉష్ణతేచీ లాట్’ అని, కన్నడంలో ‘బిసిగాళి’ అని, తమిళంలో ‘వెప్ప అలై’ అని అంటారు. బడికి వెళ్ళే పిల్లలు ఈ మాటలను తాతలకు, అవ్వలకు నేర్పాలి. రేడియోలో గాని, ఫోనులో గాని ఆ మాట వినబడిన రోజున పొలంపని ఉదయం పదకొండు లోపున ముగించడం, ఒంటరిగా ఉన్న వృద్ధులను పూటకొకసారి పలకరించడం ప్రాణాలను నిలబెడతాయి.