హైలైట్ గోడ, వాల్‌పేపర్

గదిలో మూడు గోడలకు సాదా రంగు వేసి, నాలుగోదాన్ని మాత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే చూపు అటే పోయేలా తీర్చితే దాన్ని పెయింటర్లు, ఇంటీరియర్ పనివాళ్ళు హైలైట్ గోడ అంటారు. ఫీచర్ వాల్ అన్నా, యాక్సెంట్ వాల్ అన్నా ఇదే. రాతి పలకలతో, చెక్కతో, టెక్స్చర్ పెయింటుతో కూడా చేయిస్తారు. వాల్‌పేపర్‌తో చేసేది అన్నిటికన్నా త్వరగా అయ్యే పని, అజాగ్రత్తగా చేస్తే అన్నిటికన్నా త్వరగా పాడయ్యే పని కూడా. కొనేవాళ్ళ దృష్టంతా డిజైన్ మీద ఉంటుంది గానీ కాగితం ఆయుష్షు తేలేది దాని వెనకున్న గోడ దగ్గరే. చెమ్మకూ కాగితానికీ ఉన్న వైరం నిన్న మొన్నటిది కాదు.

చరిత్ర

గోడలకు కాగితం అంటించడం వాడుకలోకి రాకముందు యూరప్‌లో కలిగినవాళ్ళు గుడ్డ వేలాడదీసేవారు. అందానికి అందం, రాతిగోడల చలికి అడ్డు. 17, 18 శతాబ్దాల్లో ఆ గుడ్డల్లో కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు కూడా చేరాయి. మచిలీపట్నం రేవు నుంచి డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీల ఓడల్లో వెళ్ళిన కలంకారీలు అక్కడి మంచాల మీదికీ గోడల మీదికీ ఎక్కాయి. విరగబూసిన చెట్టు ఒకటి నిలువునా పరుచుకున్న పెద్ద దుప్పట్లను పాలంపోర్లనేవారు. మంచం మీద కప్పేదన్న అర్థంలో పలంగ్‌పోష్ అనే మాటే తెల్లవాళ్ళ నోట అలా మారింది. తమ నేతగాళ్ళు గోల పెట్టడంతో ఫ్రాన్స్ 1686లో ఈ బట్టలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721లో చట్టం తెచ్చి వాడకాన్నే అడ్డుకుంది. బట్టను ఆపగలిగారు గానీ పూలతీగను ఆపలేకపోయారు. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఆ నమూనాలే కాగితం మీద అచ్చయ్యాయి. ఈనాటి విదేశీ క్యాటలాగుల్లో చింట్జ్ పేరుతో కనిపించే పూలకు దూరపు చుట్టరికం కృష్ణా తీరంతోనే.

చైనాలో చేత్తో చిత్రించిన కాగితాలు అదే శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ద్వారా లండన్ చేరేవి. సరుకు చైనాదే అయినా కంపెనీ పేరును బట్టి జనం దాన్ని ఇండియా పేపర్ అన్నారు. ఇంత ఖరీదైన కాగితాన్ని నేరుగా గోడకు అంటించడానికి చాలామందికి చేతులు రాలేదు. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద దాన్ని అతికి, ఆ చట్రాన్ని గోడకు నిలబెట్టేవారు. వెనక గాలి ఆడేది, ఇల్లు మారితే ఊడదీసి పట్టుకుపోయే వీలూ ఉండేది.

బ్రిటన్ 1712లో అచ్చు కాగితం మీద పన్ను వేస్తే, జనం సాదా కాగితం అంటించుకుని దాని మీద ఇంట్లోనే అచ్చులు వేయించుకున్నారు. ఆ పన్ను 1836 దాకా ఉంది. ఫ్రాన్స్‌లో నికోలా లూయీ రాబేర్ ఆపు లేకుండా పొడవాటి కాగితం తీసే యంత్రానికి 1799లో పేటెంటు పొందాడు. అంతవరకూ రోల్ అంటే చిన్న చిన్న తావులను వరసగా అతికినదే. 1839లో లాంకషైర్‌లోని డార్వెన్‌లో అచ్చు యంత్రం రావడంతో వాల్‌పేపర్ మామూలు ఇళ్ళలోకి దిగింది.

ఒక గోడను పూర్తిగా ఒకే దృశ్యంతో నింపే ఆలోచనకు పేరు తెచ్చినవాళ్ళు ఆల్సేస్‌లోని రిక్సైమ్‌కు చెందిన జ్యూబర్ సంస్థవాళ్ళు. 1807లో వాళ్ళు విడుదల చేసిన 'ల్ ఇందుస్తాన్'లో భారతదేశపు కోటలు, గుళ్ళు, ఏనుగులు ఉన్నాయి. గీసిన పియేర్ ఆంట్వాన్ మోంజాఁ, మన దేశమంతా తిరిగి బొమ్మలు వేసుకెళ్ళిన థామస్, విలియం డేనియల్‌ల చిత్రాలను ముందు పెట్టుకుని ఆ పని చేశాడు. ఆ సంస్థవారి అమెరికా దృశ్యాల కాగితం ఈనాటికీ వైట్‌హౌస్‌లో ఒక గది గోడల మీద ఉంది.

ఆకుపచ్చ కథ వేరు. 1775లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే ఆర్సెనిక్‌తో తయారుచేసిన పచ్చరంగు, తరవాత వచ్చిన ఎమరాల్డ్ గ్రీన్ 19వ శతాబ్దంలో యూరప్ పడకగదుల నిండా పరుచుకున్నాయి. గోడ చెమ్మెక్కి, జిగురు మీద బూజు పెరిగినప్పుడు ఆ బూజే రంగులోని ఆర్సెనిక్‌ను విషవాయువుగా మార్చగలదని ఇటలీకి చెందిన బార్తొలోమియో గోసియో 1890లలో చూపించాడు. ఆ వాయువు ఒక్కటే మనుషుల ప్రాణాలు తీసేంతదా అని తరవాతి శాస్త్రవేత్తలు సందేహించారు. రంగు పొడి రాలి ఊపిరిలోకి పోయినా ముప్పే. ఇప్పటి కాగితాల్లో ఆర్సెనిక్ లేదు. బూజు మాత్రం ఉంది.

మన గోడలు

తెలుగు ఇళ్ళలో వాల్‌పేపర్ ఆలస్యంగా వచ్చిందంటే కారణం అభిరుచి లేకపోవడం కాదు. సంక్రాంతికో పెళ్ళికో గోడలకు సున్నం కొట్టే అలవాటున్న చోట, పదేళ్ళు ఉండాల్సిన కాగితానికి పనేముంది? పైగా సున్నం గోడ తడిని పీల్చి వదిలేస్తుంది. సిమెంటు, లప్పం, ప్లాస్టిక్ పెయింట్లు వచ్చి గోడలు నున్నబడ్డాకే కాగితానికి చోటు దొరికింది.

గోడకు నీరు మూడు దారుల్లో చేరుతుంది. పునాది నుంచి, దీపం వత్తి నూనె పీల్చినట్టు, ఇటుక తడిని పైకి లాగుతుంది. ఈ మరక తరచు నేల నుంచి మూడడుగుల దాకా కనిపిస్తుంది, ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది. రెండోది పైనుంచి, డాబా మీద నిలిచిన వాన నీరు. మూడోది పక్కనుంచి, అంటే స్నానాల గది పైపు. మంచం తలవైపు గోడ వెనక బాత్రూం ఉండటం అపార్టుమెంట్లలో సర్వసాధారణం, హైలైట్‌కు అందరూ ఎంచుకునేదీ ఆ గోడనే! పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించి ఒక రోజు తరవాత చూసినప్పుడు లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడలో తడి ఉన్నట్టే. మూలం చూసి బాగుచేయకుండా కాగితంతో కప్పితే జబ్బు దాస్తున్నట్టే. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి చోట్ల గాలిలోనే తేమ ఎక్కువ, కాబట్టి అక్కడ ఈ పరీక్ష వానాకాలంలో చేసుకోవడం మేలు. కొత్త ఇల్లయితే ఒక వానాకాలం గడిచేదాకా ఆగమనడం అతి జాగ్రత్త కాదు.

రకాలు

మామూలు కాగితం చవక, నీటికి నిలవదు. కాగితం మీద పీవీసీ పూత ఉన్న వినైల్‌ను తడిగుడ్డతో తుడవచ్చు, మన బజారులో ఎక్కువగా దొరికేదీ అదే. కానీ ఆ పూత గోడలోని తడిని బయటికి పోనివ్వదు. వెనకాల చేరిన తేమ బూజవుతుంది. సెల్యులోజ్, పాలియెస్టర్ పీచులు కలిపి చేసిన నాన్‌వోవెన్ తడిసినా సాగదు, ముడుచుకోదు, ఊడదీసేటప్పుడు పట్టీ పట్టీగా వచ్చేస్తుంది. చెమ్మ శంక ఉన్న ఊళ్ళో వినైల్ పూత లేని నాన్‌వోవెన్‌కే ఓటు వేయాలి. గడ్డి, జనుము అతికిన కాగితాలు చూడ్డానికి ఎంతో బాగుంటాయి గానీ చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్క నూనె చెయ్యి పడితే చాలు. వెనక జిగురుతో వచ్చే స్టిక్కర్ రకం అద్దె ఇళ్ళకు పుట్టింది. అమెరికాలో జిప్సం బోర్డు గోడల అపార్టుమెంట్లలో ఉండే మనవాళ్ళు ఎక్కువగా దీన్నే వాడతారు. ప్రైమర్ సరిగా లేని బోర్డు మీద దీన్ని లాగితే పెయింటు, ఒక్కోసారి బోర్డు పైపొర కూడా వెంట వచ్చేస్తుంది.

గోడ, డిజైన్ ఎంపిక

గుమ్మంలోంచి మొదట కనిపించే, కిటికీలూ తలుపులూ తక్కువున్న గోడ మంచిది. పడమటి ఎండ నేరుగా పడే గోడ మీద ముదురు రంగులు వెలిసిపోతాయి. రోల్ చీటీ మీద సూర్యుడి గుర్తు ఎండకు రంగు నిలకడను, అలల గుర్తు తుడవడానికి తట్టుకునే శక్తిని చెబుతాయి. నమూనా ముక్కను ఇంటికి తెచ్చి గోడకు అంటించి, పగలూ రాత్రీ చూడాలి. షోరూం పసుపు లైట్ల కింద బంగారంలా మెరిసిన బూడిదరంగు, ఇంట్లో ట్యూబులైటు కింద సిమెంటులా కనిపించవచ్చు. ఫాల్స్ సీలింగ్ అంచు నుంచి గోడ మీదికి జారే లైటు పెట్టే ఆలోచన ఉంటే మెరుపు కాగితం జోలికి పోవద్దు. తాపీ పనిలోని ప్రతి ఎత్తుపల్లాన్నీ, కాగితం ప్రతి అతుకునూ ఆ వెలుతురు పట్టిస్తుంది.

మేకుల సంగతి ముందే తేల్చుకోవాలి. మన హాల్లో పెద్దల ఫొటోలకూ, దేవుడి పటానికీ, క్యాలెండరుకూ చోటు ఈ గోడ మీదే అయితే అంత పెద్ద పూల డిజైన్ ఎందుకు?

లెక్క

మామూలు రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 10 మీటర్ల పొడవు. దీన్నే దుకాణదారులు 57 చదరపు అడుగులంటారు. చదరపు అడుగుల లెక్కే చాలా ఇళ్ళలో దెబ్బతీస్తుంది. గోడ 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. వెడల్పు 366 సెంటీమీటర్లు, అంటే 7 పట్టీలు. ఎత్తు 305, పైనా కిందా కోతకు కలిపి 315. డిజైన్ ప్రతి 64 సెంటీమీటర్లకు తిరిగి వచ్చేదయితే ఒక్కో పట్టీకి ఐదు ఆవృత్తాలు, 320 సెంటీమీటర్లు పోతాయి. రోల్‌కు 3 పట్టీలు, మొత్తం 3 రోల్స్. అదే 76 సెంటీమీటర్ల డిజైన్ అయితే పట్టీకి 380 కావాలి. రోల్‌కు 2 పట్టీలే వస్తాయి, 4 రోల్స్ కొనాలి. అదే గోడ, అదే 120 చదరపు అడుగులు.

రోల్స్ అన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి. వారం తరవాత తెచ్చిన నాలుగో రోల్ రంగు పిసరంత తేడాగా ఉన్నా గోడ మీద చారలా కనిపిస్తుంది.

అంటించడం

పాత సున్నం, డిస్టెంపర్ పొడి రాలుతుంటే గీకేయాలి. గుంతలకు లప్పం పెట్టి, ఎమిరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ వేయాలి. కాగితం ముదురు రంగైతే ప్రైమర్‌లో అదే రంగు కాస్త కలిపితే అతుకుల్లోంచి తెలుపు తొంగిచూడదు.

మూలను నమ్మకూడదు. ఏ ఇంట్లోనూ గోడ మూల సరిగ్గా నిట్టనిలువుగా ఉండదు. మేస్త్రీలు తూకం చూసే గుండు దారాన్ని వేలాడదీసి పెన్సిల్ గీత గీసి, మొదటి పట్టీని ఆ గీతకు కలపాలి. చిన్న డిజైన్ అయితే మూల నుంచి మొదలుపెట్టవచ్చు. పెద్ద చెట్టో నెమలో ఉంటే గోడ మధ్య నుంచి రెండు వైపులకూ పోవాలి, లేకపోతే నెమలి సగం తెగి మూలలో ఇరుక్కుంటుంది.

ఒకప్పుడు మైదా ఉడికించి చిటికెడు మైలుతుత్తం కలిపిన గమ్‌తోనే సినిమా పోస్టర్లు అంటించేవారు, పుస్తకాలు బైండు చేసేవారు. తుత్తం పురుగును ఆపేది. ఇంటి గోడకు ఇప్పుడు పొడిగా దొరికే మిథైల్ సెల్యులోజ్ జిగురే మంచిది. మరక పడదు, త్వరగా కుళ్ళదు. మామూలు కాగితం వెనక జిగురు రాసి, మడిచి, చీటీ మీద చెప్పినన్ని నిమిషాలు నాననివ్వాలి. నానకుండా అంటిస్తే గోడ మీద సాగి బుడగలు లేస్తాయి. నాన్‌వోవెన్ అయితే జిగురు గోడకే రాస్తారు. పట్టీని పైనుంచి వదిలి, మధ్య నుంచి అంచులకు బ్రష్‌తో గాలి తోలాలి. అంచులు ఒకదాని పక్కన ఒకటి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పైకి వచ్చిన జిగురును తడి స్పాంజితో అప్పటికప్పుడే తుడవాలి. కట్టర్ బ్లేడు మొద్దుబారితే తడి కాగితం చిరుగుతుంది, పట్టీకొకసారి కొన విరిచేయడం నయం. స్విచ్చుబోర్డు దగ్గర మెయిన్ ఆపి, ప్లేటు ఊడదీసి, కాగితాన్ని ఇంటూ గుర్తులా కోసి లోపలికి మడవాలి.

పని జరుగుతున్నంతసేపూ, ఆ రాత్రంతా ఫ్యాను, ఏసీ ఆపాలి. మే నెలలో ఇది శిక్షే. కానీ జిగురు ఉన్నట్టుండి ఎండితే అతుకులు నోరు తెరుస్తాయి. తెలంగాణలో దసరా దాటాక, కోస్తాలో సంక్రాంతి నుంచి ఉగాది వరకు ఈ పనికి అనువైన కాలం.

ఆ తరవాత

చెదలకు కాగితం, పిండి గమ్ రెండూ ఆహారమే. అలమరో టీవీ యూనిట్టో ఆ గోడకు ఆనించి ఉంటే ముందే చెదల మందు కొట్టించాలి. మిగిలిన రోల్ ముక్కను పారేయకుండా దాచాలి. చిరిగిన చోట డిజైన్ కలిసేలా పెద్ద ముక్క పరిచి, రెండు పొరలనూ ఒకే కోతతో కోసి, కిందిది తీసేసి పైది అంటిస్తే అతుకు కనిపించదు. పూర్తిగా తీసేసే రోజున నాన్‌వోవెన్ కింది మూల పట్టి లాగితే పట్టీలుగా వస్తుంది. వినైల్‌కు పైపొర మాత్రమే వస్తుంది, గోడ మీద మిగిలిన పలచటి కాగితాన్ని గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి గీకాలి.