మార్క్ టలీ: పాత ఫోటోల్లో కనిపించే ఒక రేడియో విలేకరి జీవితం

దక్షిణాసియాలో రెండు దశాబ్దాల పాటు బీబీసీ అనగానే శ్రోతలకు స్ఫురించిన పేరు మార్క్ టలీ. షార్ట్‌వేవ్ రేడియోలో ఆయన గొంతు విన్నవారు లక్షల్లో ఉన్నారు. ముఖం చూసినవారు మాత్రం తక్కువ.

అందుకే ఆయన జీవితాన్ని సొంత ఫోటోల్లో కన్నా, ఆయన వార్తలు చెప్పిన కాలపు ఫోటోల్లో వెతకడం సులువు. పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో మనం పదేపదే చూసిన కొన్ని ఛాయాచిత్రాల వెనుక ఆయన గొంతు కూడా ఉంది.

కలకత్తా బాల్యం

టలీ 1935 అక్టోబరు 24న కలకత్తాలోని టాలీగంజ్‌లో జన్మించారు. తండ్రి బ్రిటిష్ వ్యాపారి. ఆనాటి తెల్లవారి ఇళ్లలో పిల్లలను స్థానికులతో కలవనిచ్చేవారు కాదు. కారు డ్రైవర్ దగ్గర హిందీలో అంకెలు నేర్చుకుంటున్న బాలుడిని, అది పనివాళ్ల భాష అంటూ ఇంగ్లిష్ ఆయా కొట్టిందని ఆయనే తర్వాత చెప్పుకొన్నారు. అదే భాషలో ఆయన తర్వాతి కాలంలో గ్రామాల్లోని సామాన్యులతో ధారాళంగా మాట్లాడారు.

డార్జిలింగ్‌లో కొంత చదువు, తొమ్మిదేళ్ల వయసులో ఇంగ్లండ్ ప్రయాణం, కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ. క్రైస్తవ మతాచార్యుడు కావాలనుకుని వేదాంత కళాశాలలో చేరినా ఆ మార్గంలో కొనసాగలేదు. 1964లో బీబీసీలో చేరి, మరుసటి ఏడాదే భారత్‌కు తిరిగివచ్చారు.

1971: లొంగుబాటు పత్రం

1971 డిసెంబరు 16. ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో ఒక బల్ల ముందు కూర్చుని పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం చేస్తున్నారు, పక్కన లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా ఉన్నారు. బంగ్లాదేశ్ ఆవిర్భావానికి ఆ ఫోటో గుర్తుగా నిలిచింది.

అయితే ఆ బల్ల వరకూ వచ్చిన దారి ఆ ఫోటోలో కనిపించదు. ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్‌లోకి అనుమతి పొందిన కొద్దిమంది విదేశీ విలేకరుల్లో టలీ ఒకరు. ఢాకా నుంచి రాజ్‌షాహీ వెళ్లే దారి పొడవునా కాలిపోయిన పల్లెలను ఆయన చూశారు, చూసింది చెప్పారు. 2012లో బంగ్లాదేశ్ ప్రభుత్వం విముక్తి యుద్ధ మిత్రుడిగా ఆయనను గౌరవించింది.

1976: సంకెళ్ల చేయి

సంకెళ్లున్న చేతిని పైకెత్తిన జార్జ్ ఫెర్నాండెజ్ ఫోటో అత్యవసర పరిస్థితికి ప్రతీకగా మిగిలింది. ఆయన జైలు నుంచే 1977 ఎన్నికల్లో ముజఫర్‌పూర్‌లో గెలిచారు.

ఆ ఫోటో తీసిన నాటికి టలీ భారత్‌లో లేరు. సెన్సార్‌షిప్ నిబంధనలకు బీబీసీ ఒప్పుకోకపోవడంతో 1975లో ప్రభుత్వం ఆయనకు 24 గంటల గడువిచ్చి దేశం నుంచి పంపించివేసింది. 1977లో ఆయన తిరిగివచ్చారు. పత్రికలపై కత్తెర పడిన ఆ కాలంలోనే విదేశీ రేడియో వినే అలవాటు భారతీయుల ఇళ్లలో బలపడింది.

1984: ఒకే ఏడాది, మూడు దృశ్యాలు

మొదటిది జూన్‌లో, దెబ్బతిన్న అకాల్ తఖ్త్. ఆపరేషన్ బ్లూస్టార్ సమయంలో విలేకరులను అమృత్‌సర్ నుంచి పంపించివేశారు. అందువల్ల మనం ఎక్కువగా చూసేవి పోరు ముగిసిన తర్వాతి ఫోటోలే. అసలు ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో కూడగట్టి చెప్పడానికి టలీ తన సహచరుడు సతీశ్ జాకబ్‌తో కలిసి మరుసటి ఏడాది ఒక పుస్తకం రాశారు.

రెండోది నవంబరు 3న, తల్లి చితి ముందు నిలబడిన రాజీవ్ గాంధీ. అక్టోబరు 31 ఉదయం ఇందిరా గాంధీపై కాల్పులు జరిగాయి. ఆకాశవాణి, దూరదర్శన్ ఆమె మరణవార్తను సాయంత్రం వరకూ ప్రకటించలేదు. బీబీసీ అంతకు ఎంతో ముందే చెప్పింది. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ కూడా ఆ రోజు బీబీసీ వార్తల కోసం ట్రాన్సిస్టర్‌ను ఆశ్రయించారు. సొంత దేశపు వార్తను పరాయి దేశపు రేడియోలో నిర్ధారించుకోవాల్సి రావడం ప్రభుత్వ ప్రసార మాధ్యమాల విశ్వసనీయతపై నేటికీ వేస్తున్న ప్రశ్న.

మూడోది డిసెంబరులో, భోపాల్‌లో మట్టిలో సగం కప్పి ఉన్న పసిబిడ్డ ముఖం. రఘురాయ్, పాబ్లో బార్తలోమ్యూ ఇద్దరూ ఆ దృశ్యాన్ని చిత్రీకరించారు. బార్తలోమ్యూ ఫోటోకు ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫోటో పురస్కారం లభించింది. ఆ బిడ్డ ఎవరో లోకానికి తెలియలేదు. విషవాయువు ఎన్ని వేల ప్రాణాలు తీసిందన్న లెక్కపై వివాదం మిగిలే ఉంది.

1992: గుమ్మటాలపై జనం

అయోధ్యలో డిసెంబరు 6న బాబ్రీ మసీదు గుమ్మటాలపైకి ఎక్కిన కరసేవకుల ఫోటోలు ప్రపంచమంతటా ప్రచురితమయ్యాయి. అక్కడ తొలి దాడిని టలీ కళ్లారా చూశారు. పట్టణంలో ఫోన్ లైన్లు పనిచేయకపోవడంతో వార్త పంపేందుకు ఫైజాబాద్ వెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఆగ్రహంతో ఉన్న గుంపు ఆయనను చుట్టుముట్టి, చంపాలంటూ నినాదాలు చేసింది. కొన్ని గంటల పాటు ఒక గదిలో బంధించారు. చివరకు ఒక స్థానిక అధికారి, ఒక హిందూ పూజారి కలిసి ఆయనను విడిపించారు.

స్వతంత్ర భారతంలో లౌకికవాదానికి తగిలిన అత్యంత తీవ్రమైన దెబ్బగా ఆయన ఆ ఘటనను పరిగణించారు. అలాగని హిందూ మతంపై గౌరవాన్ని వదులుకోలేదు. భిన్న మార్గాలను అంగీకరించే భారతీయ సంప్రదాయం గురించి తన పుస్తకాల్లో పదేపదే రాశారు.

బీబీసీ తర్వాత

యాజమాన్యపు పనితీరును బహిరంగంగా విమర్శించిన టలీ, 1994లో బీబీసీకి రాజీనామా చేశారు. దిల్లీలోని నిజాముద్దీన్ ప్రాంతంలోనే ఉంటూ రచనలు కొనసాగించారు. మత, తాత్విక విషయాలపై బీబీసీ రేడియో 4లో చాలా ఏళ్లు ఒక కార్యక్రమం నిర్వహించారు. భారత ప్రభుత్వం ఆయనకు 1992లో పద్మశ్రీ, 2005లో పద్మభూషణ్ ప్రకటించింది. 2002లో బ్రిటన్ నైట్‌హుడ్ ఇచ్చింది.

బీబీసీ తెలుగు సేవలు మొదలైంది 2017 అక్టోబరులో. అంతకు ముందు తరాల తెలుగు శ్రోతలకు ఆ సంస్థ వార్తలు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో, షార్ట్‌వేవ్ గరగరల మధ్యే వినిపించేవి. ఆనాటి ప్రసారాల్లో చాలావాటిని ఈనాడు వినే వీలు లేదు. ఫోటోలు మాత్రం చేతికందుతాయి. వాటి కింద రాసిన తేదీని, ఊరి పేరును చదివి, ఆ రోజు ఎవరు ఏం చెప్పారో, ఎవరు చెప్పకుండా ఊరుకున్నారో కూడా తెలుసుకుంటేనే ఆ ఫోటో పూర్తిగా అర్థమవుతుంది.