కుండ చెమర్చిన నీళ్లు

మట్టికుండ నీళ్లను శుద్ధి చేస్తుందని ఈ మధ్య చాలామంది గట్టిగా చెప్తున్నారు. కుమ్మరింట్లో పుట్టి, సైన్సు పంతులుగా రిటైరైనవాణ్ని. ఈ మాట విన్నప్పుడల్లా ఊరుకోలేను. కుండ నీళ్లను వడగట్టే మాట నిజమే. కానీ ఆ వడగట్టిన నీళ్లు మనం తాగం.

ఎండాకాలంలో నీళ్లు పోసిన రంజను బయటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, తడి తగులుతుంది. లోపలి నీళ్లు మట్టిలోని కంటికి కనపడని రంధ్రాల్లో దూరి బయటికొచ్చి గాలికి ఆరిపోతుంటాయి. ఆరుతూ వేడిని పట్టుకుపోతాయి కాబట్టే లోపలివి చల్లబడతాయి. బురద, క్రిములు చాలావరకు గోడ దాటలేవు. అంటే శుభ్రమైనవి గాలిలో కలుస్తున్నాయి, మిగిలినవి మనం ముంచుకుంటున్నాం.

మా ఊరు నారాయణపేట అంటే లోకానికి చీరలే. మగ్గాల పక్క వీధిలోనే ఉన్నా కుమ్మరోళ్ల పని పేరుకెక్కలేదు. మా నాయిన ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు ఒండ్రు తెచ్చి, నానబెట్టి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కేవాడు. అందులో ఇసుక, జల్లించిన బూడిద, ఒక్కోసారి ఊక కలిపేవాడు. వంట కుండకు ఒక పాలు, నీళ్ల రంజనుకు ఇంకో పాలు. సారె మీద మూతీ మెడా లేచేవి. కడుపు మాత్రం తర్వాత చెక్కతో కొట్టి, లోపల రాయి ఆనించి పెంచేవాడు. ఆము కాల్చే రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. మంట ఎక్కువైతే మట్టి బిగిసి రంధ్రాలు మూసుకుంటాయి, అలాంటి రంజనులో నీళ్లు చల్లబడవు. తక్కువైతే కుండ కారుతూనే ఉంటుంది. వేలితో కొట్టి, మోగిన తీరును బట్టి ఏది దేనికో పక్కన పెట్టేవాడు. ఊక ఎందుకని అడిగితే, “కుండ పగలదు బిడ్డా” అనేవాడు.

నీళ్లు శుభ్రం చేసే పని కుండది కాదని మా అవ్వకు బాగా తెలుసు. వానాకాలంలో బావి నీళ్లు ఎర్రగా వస్తే చిల్లగింజ తీసి, కుండ లోపలి గరుకు గోడకు అరగదీసి, నీళ్లు పోసేది. తెల్లారేసరికి బురద అడుగుకు దిగేది. సుశ్రుతుడి కాలం నుంచీ తెలిసిన ఉపాయం ఇది. గింజలోని జిగురు పదార్థం సన్నని మట్టి రేణువులను ముద్దకట్టిస్తుంది. అంతకు ముందు మూతికి పాత చీర ముక్క మడిచి కట్టి వడగట్టేది. అది నారి కురుపు భయంతో. దిగుడు బావుల్లో కాలు పెట్టి నీళ్లు ముంచుకునే చోట ఆ జబ్బు ఒకరి పుండు నుంచి ఇంకొకరి కడుపులోకి చేరేది. దాన్ని మోసే నీటి పురుగు గుడ్డకు చిక్కేంత పెద్దది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో బయటపడింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశానికి ఆ పీడ పోయిందని ప్రకటించారు. గత్తరను మాత్రం గుడ్డ పూర్తిగా ఆపలేదు. ఆ క్రిమి గుడ్డ కళ్లకంటే చాలా చిన్నది.

గత్తర క్రిమికి సరిపోయే జల్లెడ కాల్చిన మట్టే. ఆ సంగతి పనిలో పెట్టినవాళ్లు దూరదేశాల వాళ్లు. లండన్‌లో డౌల్టన్ కుటుంబం 1827 నాటికే మట్టి ఫిల్టర్లు చేసి అమ్మింది. 1884లో పాశ్చర్ శిష్యుడు చాంబర్లాండ్ మెరుగు పూయని పింగాణీ గొట్టం తయారుచేశాడు. బాక్టీరియా ఏదీ దాన్ని దాటలేదు. దాటిపోయినదేదో ఉందని 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ పొగాకు తెగులు మీద పనిచేస్తూ గమనించాడు. వైరస్ అనేది ఒకటుందని మనుషులకు తొలిసారి అనుమానం వచ్చింది మట్టి గొట్టం వల్లనే. తరగతిలో ఈ ముక్క చెప్పినప్పుడు కుమ్మరి పిల్లల వైపు తిరిగి చెప్పేవాణ్ని, దాచుకోవడమెందుకు.

మన ఇళ్లలోకి ఆ మట్టి ఫిల్టరు స్టీలు డబ్బా, లోపల రెండు తెల్లటి క్యాండిల్స్ రూపంలో వచ్చింది. ఉద్యోగస్తుల వంటింట్లో మొదట. వారానికోసారి బ్రష్షుతో రుద్ది కడగాలి. సన్నని పగులు వచ్చిందా, ఇక అది అలంకారానికే.

నాయిన పనికి ఇంకా దగ్గరగా వచ్చినవాడు గ్వాటెమాలాలో ఫెర్నాండో మజారియేగోస్. 1981లో ఆయన మట్టిలో పొట్టు కలిపి పూలకుండీ ఆకారంలో ఫిల్టరు చేశాడు. ఆములో పొట్టు కాలిపోయి, అదున్న చోట రంధ్రాలు మిగులుతాయి. లోపల పోసిన నీళ్లు గోడలోంచి చెమర్చి కింది పాత్రలో పడతాయి, గంటకు ఒకటి నుంచి మూడు లీటర్లు. వెండి పూత కూడా పూస్తారు. 1998లో మిచ్ తుపాను తర్వాత రాన్ రివేరా అనే ఆయన దీన్ని దేశదేశాల కుమ్మరులకు నేర్పాడు. మన పక్కనే భువనేశ్వర్ ప్రభుత్వ ప్రయోగశాలలో ఎర్రమట్టి, ఇసుక, రంపపు పొట్టుతో ‘టెరాఫిల్’ బిళ్ల తయారైంది. 1999 ఒడిశా పెనుతుపానులో అక్కరకొచ్చింది. మా నాయిన పగలకుండా కలిపిన ఊకే వీళ్ల చేతిలో జల్లెడైంది. గాలికి పోయే చెమ్మను కింద గిన్నె పెట్టి పట్టుకున్నారు, తేడా అంతే. ఆ గిన్నె మన కుమ్మరికి తట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తట్టినా మా పాలమూరు జిల్లాకు అప్పటికే ఆలస్యమైంది. చేతిపంపులు, బోర్లు వచ్చి బావులను వెనక్కి నెట్టాయి. వాటితో గత్తర తగ్గింది, గ్రానైటు పొరల్లోని ఫ్లోరైడు పైకొచ్చింది. నల్లగొండలో వంగిన నడుములు, గారపట్టిన పళ్లు దేశమంతా చూసింది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టింది. మట్టి ఫిల్టరు మాత్రం ఫ్లోరైడు ముందు చేతులెత్తేస్తుంది. ఎందుకో పాత రంజనే చెప్తుంది. రెండు మూడు ఎండాకాలాలు వాడితే బయట తెల్లగా ఉప్పు పూస్తుంది కదా. నీళ్లలో కరిగినదేదైనా గోడ దాటుతుందనడానికి అదే రుజువు. ఆ ఉప్పు రంధ్రాలకు అడ్డంపడి రంజను చల్లబరచడం మానేస్తుంది. ఏటా కొత్తది కొనేది అందుకే, మాకు నాలుగు మెతుకులు దొరికిందీ అందుకే.

2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా ఇప్పుడు ఊళ్లకు వచ్చింది. 2019లో నారాయణపేట సొంత జిల్లా కూడా అయింది. అయినా నల్లా రాని రోజు బోరు నీళ్లే తాగే ఇళ్లున్నాయి. వాళ్లతో, రంజను నీళ్లు ఆరోగ్యమని పట్నం నుంచి వచ్చి కొనుక్కుపోయేవాళ్లతో ఒకే మాట: రంజను కొనండి, మా వాళ్లకు పని దొరుకుతుంది, నీళ్లు చల్లగా ఉంటాయి. కానీ బోరు నీళ్లకు ముందు ఫ్లోరైడు పరీక్ష చేయించండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఏ కుండలో పోసినా, ఏ క్యాండిల్‌తో వడగట్టినా తాగొద్దు.