పసిబిడ్డల ఒరుపు: కొల్లేటి తడినేలలో డైపర్ పుండ్లు, వాటి చికిత్స

మలమూత్రాలు అంటుకుని, తడిగుడ్డ రాసుకుని పసిబిడ్డ పిర్రల మీద, తొడల లోపలివైపు, పొత్తికడుపు కింద చర్మం ఎర్రగా కంది పొక్కిపోవడాన్ని వైద్యులు డైపర్ డెర్మటైటిస్ అంటారు. ఇళ్ళలో ఆడవాళ్ళు ‘ఒరుసుకుపోయింది’, ‘పిర్రలు కందిపోయాయి’ అంటారు. ఈ మధ్య ‘ర్యాషెస్’ అన్న మాటే ఎక్కువ వినిపిస్తోంది. పుట్టిన మొదటి వారాల నుంచి గుడ్డ కట్టడం మానేదాకా ఎప్పుడైనా రావచ్చు. 9 నుంచి 12 నెలల మధ్య ఎక్కువ. చాలామంది పిల్లల్లో రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. తోలు లేచి, చెమ్మ ఊరి, రక్తపు చుక్కలు కనబడే దశకు వస్తే మాత్రం బిడ్డకు ఉచ్చ పోసినప్పుడల్లా మంటే. ఆ దశలో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఈ వ్యాసంలో ప్రధానం.

ఈ ప్రాంతంలో తడి

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, పొలాల మురుగు కాలవలు అందులోకి దిగుతాయి. నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సుకు ఒక పక్క ఏలూరు, మరో పక్క కైకలూరు. తూర్పుగా, గోదావరి నీళ్ళు తెచ్చే ఏలూరు కాలవ దారిలో తాడేపల్లిగూడెం. వరిచేలు, చేపల చెరువులు, కాలవలు. ఎటు చూసినా నీళ్ళే.

ఈ నీటికీ పసిబిడ్డ పిర్రలకూ దగ్గరి సంబంధం ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో తుఫాను ముసుర్లు. ముసురు పట్టిన వారంలో పక్కగుడ్డలు ఆరవు. వసారాలో దండెం మీద ఆరీ ఆరని గుడ్డనే మళ్ళీ బిడ్డకు కట్టాల్సి వస్తుంది. కొల్లేటికోట, గుడివాకలంక లాంటి లంక ఊళ్ళలో మంచినీళ్ళకు ఎప్పుడూ కొరతే. తాగడానికి డబ్బా నీళ్ళు కొనుక్కునే ఇంట్లో గుడ్డలు ఉతకడానికి వాడేది చెరువు నీళ్ళో, ఉప్పగా ఉండే బోరు నీళ్ళో. ఆ నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు, పెట్టిన సబ్బు పూర్తిగా వదలదు. అది గుడ్డ పోగుల్లో మిగిలి, ఆరాక గరుకుతేలి, మెత్తని చర్మాన్ని గీరుతుంది. ఇక వేసవి ఉక్కలో డైపర్ కింద చెమట ఆరే దారే ఉండదు. మొలతాడు కూడా తడిసి నడుము చుట్టూ ఎర్రటి గీత పెడుతుంది.

ఎందుకు పుండు పడుతుంది

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొరకు కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. అదే దానికి కాపలా. మూత్రంలోని యూరియాను మలంలోని సూక్ష్మజీవులు విడగొట్టి అమోనియా పుట్టిస్తాయి. దానితో ఆ చోటంతా క్షారగుణానికి మారుతుంది. పేగుల నుంచి మలంతో వచ్చే ఎంజైములు, అంటే తిన్న మాంసకృత్తుల్ని, కొవ్వుల్ని అరిగించే రసాలు, ఈ క్షారంలో చురుకెక్కుతాయి. బయట వాటికి దొరికేది బిడ్డ చర్మమే. తడికి నాని మెత్తబడిన పైపొరను అవి తినేస్తాయి. మిగిలింది గుడ్డ ఒరిపిడి చూసుకుంటుంది.

ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది. 1921లో అమెరికా వైద్యుడు కుక్, అమోనియాయే చర్మాన్ని కాలుస్తుందని చెప్పాడు. అర్ధశతాబ్దం పాటు అందరూ అదే నమ్మారు. 1977లో లేడెన్ బృందం ఒరుపు ఉన్న పిల్లల్ని, లేని పిల్లల్ని పోల్చి చూస్తే అమోనియా ఇద్దరిలోనూ ఒకేలా ఉంది. 1986లో బెర్గ్ బృందం చేసిన ప్రయోగాలు అసలు దోషం మలంలోని ఎంజైములదని చూపించాయి. ఇది తెలిస్తే తల్లి చేయాల్సిన పని మారుతుంది. ఉచ్చతో తడిసిన గుడ్డను త్వరగానే మార్చాలి; దొడ్డికి పోయిన గుడ్డనైతే ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఒక్క పూటలో పిర్రలు పచ్చిపుండైపోవడానికీ, తల్లిపాల మీదే ఉన్న బిడ్డకు ఈ బాధ తక్కువగా రావడానికీ కారణం ఇదే; తల్లిపాల బిడ్డ మలంలో క్షారగుణం తక్కువ.

విరేచనాలైతే ‘పళ్ళు వస్తున్నాయి, మామూలే’ అని ఊరుకోవడం మన దగ్గర ఉంది. అది సరికాదు. ఓఆర్ఎస్, 14 రోజుల పాటు జింక్ బిళ్ళలు ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి. రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20. విరేచనం ఆగనిదే పిర్రల మీద ఎన్ని మందులు పూసినా నిలవవు.

డైపరా, గుడ్డా

పెద్దవాళ్ళు డైపర్‌ను నిందిస్తారు. అందులో సగమే నిజం. 1980లలో వచ్చిన, తడిని పీల్చి జిగురుగా పట్టి ఉంచే పొడి నింపిన డైపర్లు సకాలంలో మారిస్తే తడిగుడ్డ కన్నా చర్మాన్ని పొడిగా ఉంచుతాయి. చిక్కల్లా ఖరీదు దగ్గర వస్తుంది. ‘ఇంకా నిండలేదు కదా’ అని ఒకే డైపర్ రాత్రి నుంచి పొద్దుటిదాకా ఉంచుతారు. ఆ జిగురు ఉచ్చను పట్టుకుంటుంది గాని మలాన్ని పట్టుకోదు. ముసురు రోజుల్లో ఆరని గుడ్డ కన్నా మూడు గంటలకొకసారి మార్చే డైపర్ మేలు. ఎండ కాసే రోజుల్లో మెత్తని పాత చీర గుడ్డ, లేదా ఏమీ కట్టకపోవడం, అన్నిటికన్నా మేలు. గుడ్డ మీద ప్లాస్టిక్ జాంగియా వేయడం మాత్రం అన్నిటికన్నా చెడ్డది. రెండింటి చెడూ అందులో ఉంది.

చూసి పోల్చుకోవడం

మామూలు ఒరుపు గుడ్డ తాకే ఎత్తు భాగాల మీదే ఉంటుంది: పిర్రల గుండ్రనితనం, తొడలు, పొత్తికడుపు. గజ్జల మడతల లోపల చర్మం బాగానే ఉంటుంది. మడతల లోపల కూడా ముదురు ఎరుపు తేలి, ఆ ఎరుపు అంచు దాటి చుట్టూ చిన్న చిన్న ఎర్ర పొక్కులు చుక్కల్లా చెదిరి ఉంటే అది కాండిడా అనే శిలీంధ్రం పట్టిన గుర్తు. మూడు రోజులు దాటిన ఒరుపులో ఇది చేరడం మామూలే. నోట్లో తెల్లని పూత ఉన్నా, అంతకు ముందు జలుబుకో జ్వరానికో యాంటీబయాటిక్ మందు తాగించినా దీని అనుమానం బలపడుతుంది. పసుపు పచ్చని పెచ్చులు, నీటి పొక్కులు, చీము కనబడితే బాక్టీరియా. అంచులు లేచి మధ్యలో గుంట పడిన గుండ్రని పుండ్లు పడితే అది ముదిరిన ఒరుపు. ఫ్రెంచి వైద్యుడు జాకే పేరుతో దాన్ని పిలుస్తారు.

తీవ్రమైన ఒరుపుకు ఇంట్లో చేయాల్సింది

మొదట తుడవడం మానేయాలి. పచ్చి చర్మం మీద గుడ్డ పెట్టి రుద్దితే ఆ రుద్దుడే మరో గాయం. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళు చెంబుతో పైనుంచి జారవిడవాలి, లేదా వెడల్పు బేసిన్‌లో పిర్రలు మునిగేలా కొన్ని నిమిషాలు కూర్చోబెట్టాలి. లంక ఊళ్ళలో ఈ పనికి తాగే డబ్బా నీళ్ళలో నుంచే ఒక చెంబెడు తీయడం దండగ కాదు. సబ్బు వద్దు. వాసన వచ్చే తడి టిష్యూలు వద్దు. ఎండిన మలం అంటుకుంటే దూదికి కొబ్బరినూనె పట్టించి మెల్లగా తీయాలి. తర్వాత మెత్తని గుడ్డను అద్ది తీయాలే గాని రాయకూడదు.

తర్వాత గాలి. ఇది అసలైన మందు, వైద్యులూ ఇదే చెబుతారు. రబ్బరు షీటు మీద పొడి గుడ్డ వేసి, బిడ్డను బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా కూర్చుని, రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు పిర్రలకు గాలి తగలనివ్వాలి. నిద్రపోతే వెల్లకిలా తిప్పాలి. మిట్ట మధ్యాహ్నపు ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యర్ వేడి తగలకూడదు. కొల్లేటి ఒడ్డు దోమలకు భయపడి బట్ట చుట్టేస్తారు. దానికి గొడుగులా విచ్చుకునే దోమతెర చాలు.

ఆ తర్వాత పూత. జింక్ ఆక్సైడ్ కలిసిన పేస్టుగాని, మామూలు పెట్రోలియం జెల్లీగాని గోడకు సున్నం పూసినంత మందంగా పూయాలి. చర్మానికీ మలానికీ నడుమ గోడ కట్టడమే ఈ పూత పని. అందుకే పల్చగా రాస్తే లాభం లేదు. గుడ్డ మార్చిన ప్రతిసారీ పాత పూతంతా గోకి తీయకూడదు. మురికి అంటిన పైపొర తీసి, దాని మీదే కొత్త పూత వేయాలి. చాలా ఇళ్ళలో తప్పు జరిగేది ఇక్కడే. శుభ్రం పేరుతో తెల్లపూతను పూర్తిగా రుద్ది తీసి, నయమవుతున్న చర్మాన్ని మళ్ళీ లేపుతారు. డైపర్ తప్పనిసరైతే ఒక సైజు పెద్దది, వదులుగా. రాత్రి ఒకసారి లేచి మార్చాల్సిందే.

కాండిడా గుర్తులుంటే డాక్టరు సలహాతో ఒక శాతం క్లోట్రిమజోల్ క్రీము పల్చగా రాసి, కాసేపాగి దాని మీద జింక్ పూత వేయాలి. ఎరుపు పోయాక కూడా రెండు మూడు రోజులు కొనసాగించాలి. నోటిపూత ఉంటే దానికీ మందు వేయాలి, లేకపోతే మళ్ళీ తిరగబెడుతుంది.

మందుల షాపు ట్యూబు

తాడేపల్లిగూడెం బజారులోనైనా, ఏలూరులోనైనా మందుల షాపుకు వెళ్ళి ‘బిడ్డకు ఒరుసుకుపోయింది’ అంటే చేతికొచ్చే ట్యూబును పూయబోయే ముందు చదవాలి. మన దేశమంతటా ఉన్న జాడ్యం ఇది: శిలీంధ్రానికి ఒకటి, బాక్టీరియాకు ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఒకటి కలిపిన క్రీములు. ఒక్క పూటలో ఎరుపు తగ్గుతుంది. ఆ తగ్గడం చూసి నెలల తరబడి వాడతారు, పక్కింటికీ చెబుతారు. పసిబిడ్డ చర్మం పల్చన. దాని మీద డైపర్ మూత బిగించినట్టు ఉంటుంది కాబట్టి స్టెరాయిడ్ మామూలు కన్నా ఎక్కువ ఒంట్లోకి ఇంకుతుంది. చర్మం పల్చబడుతుంది, శిలీంధ్రం లోలోపల పెరుగుతుంది, పిర్రల మీద ఊదారంగు గడ్డలు లేస్తాయి. ముఖం ఉబ్బి, ఎదుగుదల ఆగి, కుషింగ్ సిండ్రోమ్‌తో ఆసుపత్రి చేరిన పసివాళ్ళ కేసులు వైద్య పత్రికల్లో ఎన్నో నమోదయ్యాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. పిల్లల డాక్టరు అవసరమనుకుంటే ఒక శాతం హైడ్రోకార్టిజోన్ మాత్రమే, అదీ కొద్ది రోజులే రాస్తారు.

పెద్దల చేతి మందుల్లో కొబ్బరినూనె తేలికపాటి కందుడుకు మంచిదే. పచ్చిపుండు మీద పసుపు మంట పుట్టిస్తుంది. సున్నిపిండితో నలుగు పెట్టే బిడ్డకు ఒరుపు తగ్గేదాకా నడుము కింద పిండి తగలనివ్వకూడదు. కర్పూరం కలిసిన తైలం అసలు పనికిరాదు. పసివాళ్ళకు మూర్ఛ తెప్పిస్తుంది. తినే సోడా పూస్తే చర్మం గుండా ఇంకి రక్తంలో క్షారం పెరుగుతుంది. ఒరుపుల మీద చల్లిన బోరిక్ పౌడరు పూర్వం ప్రాణాలే తీసింది. ఫ్రాన్సులో 1972లో, పొరపాటున హెక్సాక్లోరోఫీన్ ఎక్కువ కలిసిన ఒక టాల్కం పౌడరు వాడి 36 మంది పిల్లలు చనిపోయారు. ఆ మందు కలవని మామూలు పౌడరు కూడా బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడితో ముద్దకట్టి మడతల్లో ఇసకలా ఒరుస్తుంది. స్నానం కాగానే ఒళ్ళంతా పౌడరు అద్దడం మన మురిపెం. నడుము కింద మాత్రం ఆ మురిపెం మానుకోవాలి.

ఆసుపత్రికి ఎప్పుడు

పైన చెప్పినవన్నీ చేసినా మూడు రోజుల్లో తగ్గకపోతే, జ్వరం వస్తే, చీముగాని నీటి పొక్కులుగాని కనబడితే, రక్తం కారితే, పాలు తాగడం మానేస్తే, బిడ్డకు ఇంకా ఆరు వారాలు నిండకపోతే ఆగకూడదు. పిర్రలతో పాటు నోటి చుట్టూ, చేతివేళ్ళ మీద కూడా పుండ్లు పడి, విరేచనాలవుతూ జుట్టు రాలుతుంటే అది ఒరుపు కాదు, ఒంట్లో జింక్ లోపం; కొందరికి అది పుట్టుకతో వస్తుంది. దాన్ని గుర్తించి జింక్ ఇస్తే కొద్ది రోజుల్లోనే బిడ్డ తేరుకుంటుంది, గుర్తించకపోతే ప్రాణానికే ముప్పు. గజ్జి, సొరియాసిస్, అరుదుగా పుట్టుకతో వచ్చిన సిఫిలిస్ కూడా ఒరుపులాగే కనబడతాయి.

ఏలూరులో 2023లో తరగతులు మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, ఆశ్రం వైద్య కళాశాల ఆసుపత్రి, తాడేపల్లిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స, మందులు ఉచితం. ఆశా కార్యకర్త పుట్టిన 42 రోజుల దాకా ఇంటికి వస్తుంది. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలప్పుడూ రావాలి. 9, 12 నెలల రాకలు ఒరుపు ఎక్కువగా పట్టే వయసుకు సరిగ్గా సరిపోతాయి. ఆమె వచ్చినప్పుడు బరువు ఒక్కటే చూపించి పంపకండి, గుడ్డ విప్పి పిర్రలు కూడా చూపించండి. ఇంట్లో ఏ ట్యూబు పూస్తున్నారో అదీ ఆమె చేతికివ్వండి. పేరు చివర ‘సోన్’ అనో ‘సాల్’ అనో ఉన్న మందు కలిసి ఉంటే, డాక్టరు చూసి చెప్పేదాకా దాన్ని బిడ్డకు పూయకండి.